దోవలో నిలేసే అప్‌డేట్



పత్తి కాలంలో ఆదోని మార్కెట్ యార్డుకు సరుకు తోలుకొచ్చే రైతుకు ఇంట్లో పెద్దవాళ్లు ఒక మాట చెప్పి పంపిస్తారు. "దోవలో ఎవరు నిలేసినా మూట దించొద్దు నాయనా, యార్డు లోపలికే పో" అని. రోడ్డు మీద బండికి అడ్డం నిలబడి, "లోపల రేటు పడిపోయిందన్నా, నా మాట విను, ఇక్కడే దించు, చేతిలో డబ్బు పెడతా" అనే మనిషి చెప్పేది నిజమో అబద్ధమో తేల్చుకునే చోటు రోడ్డు కాదు. యార్డులో టెండరు పడుతుంది, కాటా ఉంటుంది, తేడా వస్తే అడగడానికి ఆఫీసు ఉంటుంది. రోడ్డు మీద ఆ మనిషి నోరు తప్ప ఇంకేమీ ఉండదు.

ఈ రోజు నేను చెప్పబోయేది పత్తి బేరం గురించి కాదు. కంప్యూటర్లోనో ఫోన్లోనో ఏదో చదువుకుంటుంటే ఉన్నట్టుండి తెర మీదికి వచ్చి, "మీ బ్రౌజర్ పాతబడింది, వెంటనే అప్‌డేట్ చేసుకోండి" అని నిలేసే పెట్టె గురించి. అది కూడా దోవలో అడ్డం నిలబడే మనిషే.

నేను ఆదోనిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతుంటాను. ఆ మధ్య ఎమ్మిగనూరు నుంచి వచ్చే విద్యార్థి ఒకడు పొద్దున్నే ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. వెంట వాళ్ల నాయన. ఆయన మగ్గం నేసే మనిషి.

"సార్, నిన్న రాత్రి పాత ప్రశ్నపత్రాల కోసం వెతుకుతాంటే పేజీ అంతా నిండిపోయి, క్రోమ్ అప్‌డేట్ చేయమని వచ్చింది. బొమ్మ కూడా క్రోమ్‌దే సార్. నొక్కినా. ఒక ఫైలు దిగింది. తెరవలేదు. మీకు చూపిద్దామని పొద్దున మళ్లీ అదే పేజీకి పోతే ఇప్పుడేమో రాకపాయె!"

"ఒకసారి వచ్చి మళ్లీ రాకపోవడమేందప్పా, దెయ్యమా ఏమన్నానా?" అన్నాడు వాళ్ల నాయన.

దెయ్యం కాదు గాని, ఆ మాటలో పస ఉంది. ఈ రకం మోసాల్లో చాలా ఏళ్లుగా నడుస్తున్న ఒకదానికి భద్రతా నిపుణులు 'సాక్‌ఘోలిష్' అని పేరు పెట్టారు. 'ఫేక్ అప్‌డేట్స్' అనేది దానికే ఇంకో పేరు. దాని పద్ధతి ఏమిటంటే, దొంగ సొంతంగా వెబ్‌సైటు పెట్టుకోడు. ఎవరో నిజాయతీగా నడుపుకునే సైటులో, దాన్ని చూసుకునేవాళ్లు భద్రత పట్టించుకోక వదిలేసిన సందులోంచి దూరి, నాలుగు వరసల కోడ్ అతికించి పోతాడు. ఆ సైటు యజమానికి కూడా ఆ సంగతి తెలియదు. ఆ కోడ్ వచ్చినవాళ్లలో అందరికీ ఆ పెట్టె చూపించదు. ఒకసారి చూపిన మనిషికి మళ్లీ చూపించకుండా గుర్తు పెట్టుకుంటుంది. అందుకే పిల్లవాడు రాత్రి చూసింది పొద్దున్నే మాయమైంది. సాక్ష్యం లేకుండా పోవడం కూడా ఆ దొంగతనంలో భాగమే.

"మరి నేను వాడేది క్రోమ్ అని దానికెట్ల తెలిసింది సార్?" అని పిల్లవాడి అనుమానం. చాలామంది ఇక్కడే పడిపోతారు. మన బ్రౌజర్ పేరు తెలిసిందంటే అది లోపలి మనిషే అయి ఉంటుందని నమ్ముతారు. ఆదోని బట్టల అంగట్లోకి పోండి. మీరు కన్నడంలో అడిగితే కన్నడంలో, ఉర్దూలో అడిగితే ఉర్దూలో, తెలుగులో అడిగితే తెలుగులో జవాబు వస్తుంది. అంతమాత్రాన అంగడాయన మీ చుట్టం కాడు కదా. మనం ఏ పేజీ తెరిచినా మన బ్రౌజర్ తానెవరో, ఏ కంప్యూటర్ నుంచి వస్తున్నదో తానే చెప్పుకుంటుంది. అది దాని పని పద్ధతి. ఆ మాట విని క్రోమ్ వాడేవాళ్లకు క్రోమ్ బొమ్మ, ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకు ఫైర్‌ఫాక్స్ బొమ్మ చూపించడం పెద్ద విద్యేమీ కాదు.

అప్పుడు నేను ఆ పెద్దాయనను ఒక మాట అడిగాను. "చేనేత గుడ్డ ఏదో, మర మగ్గం గుడ్డ ఏదో మీరెట్ల చెప్తారు?" ఆయన నవ్వి, భుజం మీది తువ్వాలు తీసి అంచు చూపించాడు. మగ్గం మీద గుడ్డ వెడల్పు బిగువుగా నిలబడడానికి అడ్డంగా ఒక కర్ర పెడతారు. దాని కొనలకు ఉన్న సూదులు గుచ్చుకున్న సన్నని గుర్తులు రెండు అంచుల్లోనూ వరసగా కనిపిస్తాయి. "నడుమ ఎంత డిజైనన్నా వెయ్యొచ్చు సార్, మేము చూసేది అంచే" అన్నాడాయన.

1938లో మాచాని సోమప్పగారు నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు ఎమ్మిగనూరు. ఆ పనికే 1954లో ఆయన పద్మశ్రీ అందుకున్నారు. అంచు చూసి గుడ్డను పట్టే చూపు ఆ ఊళ్లో చాలా ఇళ్లలో ఉంది. ఆ చూపునే బ్రౌజర్ మీదికి తిప్పమని నేను చెప్పేది.

బ్రౌజర్‌కూ ఒక అంచు ఉంది. పైన వెబ్‌సైటు చిరునామా కనిపించే పట్టీ చూశారు కదా, అదే ఆ అంచు. ఆ పట్టీ, దాని పైభాగం బ్రౌజర్‌వి. పట్టీకి కింద పేజీ భాగంలో కనిపించేదంతా ఆ వెబ్‌సైటు గీసిన బొమ్మ. కింది భాగంలో సైటువాళ్లు ఏమైనా గీసుకోవచ్చు. క్రోమ్ గుర్తు గీయొచ్చు, విండోస్ పెట్టె గీయొచ్చు, గిర్రున తిరిగే చక్రం గీయొచ్చు, "మీ కంప్యూటర్లో 5 వైరస్‌లు" అని ఎర్రక్షరాలు రాయొచ్చు. అవన్నీ గుడ్డ నడుమ వేసిన డిజైన్లు. అసలైన బ్రౌజర్ తనకు అప్‌డేట్ కావాలంటే పేజీ నడుమ అరవదు. పైన కుడిమూల తన మెనూ దగ్గరే సద్దు లేకుండా ఒక గుర్తు చూపిస్తుంది. కనుక పేజీ లోపల నుంచి వచ్చిన అప్‌డేట్ కబురు ఎంత ముద్దుగా ఉన్నా నమ్మొద్దు.

ఒక్కోసారి పేజీ తెరనంతా ఆక్రమించి, పైన దొంగ చిరునామా పట్టీ కూడా గీసి చూపిస్తుంది. అప్పుడు కీబోర్డు మీద ఎడమవైపు పైమూల ఉన్న ఎస్కేప్ మీటను కాసేపు నొక్కి పట్టుకోండి. బొమ్మ చిన్నదై అసలు అంచు బయటపడుతుంది.

ఈ దొంగ అప్‌డేట్‌ల చరిత్ర కూడా కొంచెం తెలుసుకుందాం. 2017 అక్టోబర్ 24న రష్యా, ఉక్రెయిన్‌లలో 'బ్యాడ్ ర్యాబిట్' అనే దాడి జరిగింది. జనం రోజూ చూసే వార్తల సైట్లలోనే అడోబ్ ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ అంటూ పెట్టె వచ్చింది. దించుకుని, తమ చేత్తో తామే తెరిచినవాళ్ల కంప్యూటర్లకు తాళం పడింది. తాళం తీయాలంటే డబ్బు కట్టమన్నారు. కీవ్ నగరం మెట్రోకు, ఒడెస్సా విమానాశ్రయానికి కూడా ఆ దెబ్బ తగిలింది. ఇక ఆ ఫ్లాష్ ప్లేయర్ సంగతి వినండి. 2020 డిసెంబర్ 31తో అడోబ్ కంపెనీయే దానికి మంగళం పాడేసింది. ఈ రోజు ఎక్కడైనా "ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ చేయండి" అని కనిపిస్తే, చనిపోయిన మనిషి పేరు మీద పింఛను అడగడానికి వచ్చినట్టే. ఇంకేమీ విచారించనక్కర్లేదు.

ఫోన్ల వంతు కూడా వచ్చింది. 2024 ఏప్రిల్‌లో థ్రెట్‌ఫ్యాబ్రిక్ అనే సంస్థ 'బ్రోక్‌వెల్' అనే ఆండ్రాయిడ్ మాల్‌వేర్‌ను, అంటే దొంగ ప్రోగ్రామ్‌ను, బయటపెట్టింది. అది దొరికింది క్రోమ్ అప్‌డేట్ వేషంలో ఉన్న పేజీలోనే. ఒకసారి ఫోన్లోకి దూరిందంటే బ్యాంకు యాప్ మీద దొంగ తెర కప్పుతుంది, మన వేలు ఎక్కడ తాకిందో రాసుకుంటుంది, దూరాన కూర్చున్న దొంగ చేతికి ఫోను పగ్గాలు ఇచ్చేస్తుంది.

మనవైపు చాలా ఇళ్లలో కంప్యూటర్ లేదు, ఉన్నదల్లా ఫోనే. కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు ఊళ్ల నుంచి సుగ్గికి, అంటే సీజను కూలికి, పోయే కుటుంబాలను తలుచుకోండి. తల్లిదండ్రులు గుంటూరు మిరపచేలల్లో, పిల్లలు ఊళ్లో జేజి దగ్గర. కూలి డబ్బు వచ్చేది ఫోన్లోకే, ఇంటికి పంపేది ఫోన్లోంచే. సీజనంతా వంగి కోసిన కాయల కూలి ఒక దొంగ 'అప్‌డేట్' నొక్కితే పోతుంది. వాట్సాప్‌లో పెళ్లిపత్రిక అని, ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ అని వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే కబురులో నేరుగా పంపే యాప్‌లు, కూడా ఇదే జాతివి. ఫోన్లోకి యాప్ రావాల్సింది ప్లే స్టోర్ నుంచి. కబురులో అతికించి వచ్చిన యాప్ ఎవరు పంపినా, మేనమామ నంబరు నుంచే వచ్చినా, తెరవొద్దు. మేనమామ ఫోను అప్పటికే దొంగ చేతిలో ఉండొచ్చు.

నెట్ సెంటర్లు నడిపే తమ్ముళ్లకు కూడా ఒక మాట. మీ కంప్యూటర్ మీ ఒక్కరిది కాదు. రైతుల పట్టాదారు పాసుపుస్తకాలు, ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు, పిల్లల మార్కుల జాబితాలు స్కాన్ చేసి దాంట్లోనే పెట్టి ఉంటారు. ఈ దొంగ ఫైళ్లలో చాలావాటి పని, బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ మూటగట్టి తీసుకుపోవడం. పాస్‌వర్డ్‌లే కాదు, మనం ఇప్పటికే లాగిన్ అయి ఉన్నామని సైటుకు చెప్పే గుర్తును కూడా ఎత్తుకుపోతాయి. అది దొరికితే కొన్ని ఖాతాల్లోకి ఓటీపీ అడగకుండానే దూరొచ్చు.

ఇదంతా విన్నాక మీలో కొందరికి, "అయితే ఏ అప్‌డేటూ వద్దప్పా, ఉన్నదాంతోనే కాలం గడుపుతాం" అనిపించొచ్చు. అది ఇంకా పెద్ద తప్పు. 2017 మే 12న 'వానాక్రై' అనే దాడి ప్రపంచమంతా పాకింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లే చిక్కుకున్నాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో తెరలు నిలిచిపోయాయి. అది దూరిన సందును మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే విడుదల చేసింది. అంటే దాదాపు రెండు నెలల ముందే. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు, రేపు చూద్దాంలే అనుకున్నవాళ్లు ఇరుక్కున్నారు. నిజమైన అప్‌డేట్ ఇంటి తలుపుకు గొళ్లెం లాంటిది. దొంగ కూడా గొళ్లెం బిగించే మేస్త్రి వేషంలోనే వస్తున్నాడు కాబట్టి, మేస్త్రిని మనమే వెతికి పిలుచుకోవాలి, వీధిలో పోయేవాణ్ని లోపలికి రానివ్వకూడదు.

ఎట్లా పిలుచుకోవాలో చెప్తాను, వీలైతే కాగితం మీద రాసుకోండి. క్రోమ్‌లో పైన కుడిమూల నిలువుగా మూడు చుక్కలుంటాయి. నొక్కి, 'హెల్ప్' లోకి, అక్కడి నుంచి 'అబౌట్ గూగుల్ క్రోమ్' లోకి వెళ్లండి. అది తనంతట తానే చూసుకుని, కొత్తది ఉంటే దించుకుంటుంది. 'రీలాంచ్' అంటే నొక్కండి, అంతే. ఫైర్‌ఫాక్స్‌లో మూడు చుక్కల బదులు మూడు గీతలు. అక్కడా 'హెల్ప్', తర్వాత 'అబౌట్ ఫైర్‌ఫాక్స్'. ఎడ్జ్‌లో మూడు చుక్కలు, 'హెల్ప్ అండ్ ఫీడ్‌బ్యాక్', తర్వాత 'అబౌట్ మైక్రోసాఫ్ట్ ఎడ్జ్'. విండోస్‌కైతే సెట్టింగ్స్‌లో 'విండోస్ అప్‌డేట్'. ఆండ్రాయిడ్ ఫోన్లో ప్లే స్టోర్ తెరిచి, ఆ యాప్ పేరు వెతికి చూడండి. 'అప్‌డేట్' అని ఉంటే ఉంది, లేకపోతే లేదు.

పాత కంప్యూటర్లున్నవాళ్లకు ఇంకో సంగతి. విండోస్ 7 మీద నడిచే చివరి క్రోమ్ 109వది. 2023 ఫిబ్రవరి తర్వాత ఆ విండోస్‌కు కొత్త క్రోమ్ రావడం లేదు. కాబట్టి విండోస్ 7 కంప్యూటర్లో "కొత్త క్రోమ్ వచ్చింది" అని ఏ పేజీ చెప్పినా అబద్ధమే. విండోస్ 10కు కూడా 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. అట్లాంటి యంత్రం మీద బ్యాంకు పనులు చేయకుండా ఉండడం మేలు.

ఇక ఆ పెట్టె ఎదురొచ్చినప్పుడు ఏం చేయాలి? 'ఓకే' వద్దు, 'క్యాన్సిల్' కూడా వద్దు. ఆ రెండు మీటలూ గీసింది దొంగే కదా, దేన్ని నొక్కినా ఒకే చోటికి పోవచ్చు. ఆ ట్యాబ్‌నే మూసేయండి. మూసుకోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో బ్రౌజర్‌ను ఆపేయండి. మళ్లీ తెరిచినప్పుడు, పాత పేజీలు తిరిగి తెరవమంటారా అని అడిగితే వద్దనండి. తెర మీద ఏదో ఫోన్ నంబరు చూపి దానికి చేయమంటే చేయొద్దు. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్లు ఉండవని ఆ కంపెనీయే చెబుతుంది.

ఈ మధ్య ఇంకో ఎత్తు వచ్చింది. ఆ పెట్టె, అప్‌డేట్ పూర్తి కావాలంటే విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్ వీ, తర్వాత ఎంటర్ అని మెల్లగా చెప్పి చేయిస్తుంది. దొంగ ఆదేశాన్ని మన చేత్తోనే అతికించి నడిపించడం అది. ఏ నిజమైన అప్‌డేటూ అట్లా అడగదు.

పేజీ మూసినా కంప్యూటర్ కుడిమూలన గంటగంటకూ భయపెట్టే కబుర్లు వస్తున్నాయా? ఎప్పుడో ఏదో సైటుకు 'అలౌ' అని నొక్కి ఉంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ', 'సైట్ సెట్టింగ్స్', 'నోటిఫికేషన్స్' చూసి, తెలియని పేర్లన్నీ తీసేయండి. కబుర్లు ఆగిపోతాయి.

పొరపాటున ఫైలు దిగింది కానీ తెరవలేదనుకోండి, మా విద్యార్థి మాదిరిగా. డౌన్‌లోడ్స్‌లోకి పోయి తీసేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, విండోస్ సెక్యూరిటీతో పూర్తి స్కాన్ చేయించండి. మేమూ అదే చేశాం. తెరిచేశారనుకోండి, ముందు ఇంటర్నెట్ తెంపండి. ఆ కంప్యూటర్ మీద కాకుండా వేరే ఫోన్ నుంచి ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి, అన్ని చోట్లా లాగౌట్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో శుభ్రం చేసే పనిముట్లు ఉచితంగా దొరుకుతాయి.

డబ్బు పోయిందంటే ఊళ్లో ఏమనుకుంటారో అని సిగ్గుపడి కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పండి, సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. త్వరగా చెబితే, డబ్బు ఇంకో ఖాతాకు దాటిపోకముందే ఆపే వీలుంటుంది. తప్పు బ్యాంకుదీ మనదీ కాకుండా మూడోవాడు చేసిన మోసమైతే, డబ్బు పోయినట్టు బ్యాంకు కబురు అందిన మూడు పనిదినాల్లోపు చెప్పినవాళ్ల మీద నష్టం పడకూడదని 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఆదేశం ఇచ్చింది. మన అజాగ్రత్త ఉన్నా, మనం చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదేనని కూడా అందులో చెప్పింది. అంటే ఆలస్యం చేసిన ప్రతి గంటా మన ఖాతాలోనే పడుతుంది.

ఆ రోజు పిల్లవాడు ల్యాప్‌టాప్ సర్దుకుంటుంటే వాళ్ల నాయన అన్నాడు, "రాత్రి ఆ ఫైలు తెరవబోతాంటే అన్నానికి పిలిచినా సార్. ఆ పిలుపే కాపాడిందేమో." నిజమే. కానీ ప్రతి రాత్రీ సరిగ్గా ఆ నిమిషానికే పిలిచేవాళ్లు ఉండరు.

అందుకే శ్రోతలారా, ఈ ప్రసంగం అయిపోయాక ఒక పని చేయండి. మీ ఇంట్లో ఉన్న కంప్యూటర్లో ఆ మూడు చుక్కలు, ఫోన్లో ప్లే స్టోర్ ఎక్కడున్నాయో మీరే వెతికి నొక్కి చూడండి. చేతనైతే పక్కింటి పెద్దవాళ్లకూ చూపించండి. ఆ దారి ఒకసారి చేతికి అలవాటైతే, ఎవరు ఎదురొచ్చి అప్‌డేట్ అన్నా, "మా యార్డు మాకు తెలుసులేప్పా" అని బండి ముందుకు తోలుకుపోవచ్చు.